అద్దం మీద మూడో వరస

మా బావమరిదిని నేను షోకు అంటాను. చాటుగా కాదు, వాడికి వినబడేలాగే అంటాను. ఇరవై ఆరేళ్ళ కిందట వాళ్ళక్కను చేసుకున్న నాటినుంచీ వాడికీ నాకూ పడదు. మొదట్లో దానికి కారణం ఏదో ఉండేది. ఆ కారణం అరిగిపోయింది, పడకపోవడం మాత్రం చెక్కుచెదరలేదు.

ఆ షోకు ఈ ఎండాకాలం మొదట్లో నా మెకానిక్ షెడ్డు ముందు ఒక పెద్ద కారు తెచ్చి నిలబెట్టాడు. నల్లగా నిగనిగలాడుతోంది. తలుపు కొంచెం తోస్తే మిగతాది తనే మూసుకుంటుంది. సీట్లో కూర్చుంటే నడుం నొక్కుతుంది. ఇద్దరు యజమానులు వాడుకుని వదిలించుకున్నాక మూడోవాడిగా వీడికి అంటగట్టారు. నేను ఆ సోకులేవీ చూడలేదు. కిటికీలోంచి తల దూర్చి మీటరు చూశాను. లక్షా ఎనభై మూడు వేల కిలోమీటర్లు తిరిగింది.

"పైన పటారం, లోన లొటారం," అన్నాను మా ఆవిడతో.

"ముందు బానెట్ ఎత్తి చూడమను అక్కా. సామెతలు తర్వాత చెప్పొచ్చు," అన్నాడు వాడు.

మా మాటలు ఇలాగే నడుస్తాయి. నేను వాడితో మాట్లాడను, వాడు నాతో మాట్లాడడు. ఇద్దరం మధ్యలో ఉన్న మా ఆవిడతో మాట్లాడతాం. ఆవిడ షెడ్డులో ముందు బల్ల దగ్గర కూర్చుంటుంది. సామాన్లకు ఫోన్లు చెయ్యడం, బండి ఎప్పుడు ఇస్తామో చెప్పడం, నా నోటికి జడిసి వెళ్ళిపోయేవాళ్ళను వెనక్కి పిలవడం ఆవిడ పనులు. మూడో పనే ఎక్కువగా ఉంటుంది.

పదకొండేళ్ళు నడిపిన అద్దె వ్యాను అమ్మేసి వాడు ఈ కారు కొన్నాడు. ఒక పెద్ద కంపెనీకి వచ్చే అతిథులను విమానాశ్రయం నుంచి తీసుకురావడం, మళ్ళీ దింపడం వాడి కొత్త ఉద్యోగం. వాళ్ళు పెట్టిన షరతు ఒకటే. అతిథి లోపల ఉండగా బండి దారిలో ఒక్కసారి ఆగిందా, ఆ మర్నాటి నుంచి రావక్కర్లేదు. వెనక్కి వెళ్దామంటే వ్యాను లేదు. వాడి బతుకంతా ఆ బానెట్ కింద ఉంది. అది వాడికి తెలుసు, నాకూ తెలుసు.

"ఏవండీ, వాడి దగ్గర ఉన్నది రెండు విడతల పనికే సరిపోతుందిట," అంది మా ఆవిడ. "ఒక విడత ఇప్పుడు, ఇంకొకటి నెలాఖరుకి. ఆ తర్వాత ఆరు నెలలదాకా చెయ్యి ఖాళీ. ఏది ముందో, ఏది వెనకో మీరే చెప్పాలి."

"ఏనుగునిచ్చి అంకుశానికి పేచీ అంటారు. మీ తమ్ముడు ఏనుగును కొని మేతకు పేచీ పెడుతున్నాడు," అన్నాను.

"మేత సంగతే కదా అడుగుతున్నాడు! చూడండి."

నా షెడ్డులో ఒక పద్ధతి ఉంది. ఎంత పెద్ద బండి వచ్చినా ముందు పూటంతా చూస్తాను. చూశాక సబ్బుముక్క తీసుకుని ముందు అద్దం మీద మూడు వరసలు రాస్తాను. మొదటి వరసలోవి ఇప్పుడే చెయ్యాలి, చెయ్యకపోతే బండి తియ్యొద్దు. రెండో వరసలోవి ఆరు నెలల్లో చెయ్యాలి. మూడో వరస ఓపిక ఉన్నప్పుడు, లేకపోతే మానెయ్యొచ్చు. బండి యజమాని దాన్ని ఫోనులో ఫోటో తీసుకుంటాడు, నేను తడిగుడ్డ పెట్టి తుడిచేస్తాను. ముప్ఫై ఏళ్ళుగా నేను రాసిన వరస తారుమారు కాలేదు. డబ్బు తక్కువున్నవాడికి ఆ మూడు వరసలే దిక్కు. "మా ఆయన అద్దం మీద రాశారంటే రాసినట్టే," అని మా ఆవిడ అందరికీ చెబుతుంది. నాకు ఆస్తీ పాస్తీ లేవు. నోరు మంచిది కాదు. నాకంటూ ఉన్నది ఆ మాట ఒక్కటే.

బానెట్ ఎత్తాను. అప్పటికి రొట్టెల వ్యాను ఆయన కూడా వచ్చి తన బండి కోసం బల్ల మీద కూర్చున్నాడు. ఇరవై ఏళ్ళుగా నా దగ్గరికే వచ్చే మనిషి. నేను ఇంజను మీదికి వంగబోతుంటే షోకు ఒక్క అంగలో వచ్చి నాకూ కారుకూ మధ్య నిలబడ్డాడు. జేబులోంచి మెత్తటి పసుపు గుడ్డ తీసి ముందు చక్రం పైనున్న రేకు మీద పరిచాడు.

"చెయ్యి కడుక్కుని ముట్టుకోమను అక్కా. ఇది స్కూటరు కాదు. ఇలాంటి బండి ఆయన ఇంత దగ్గరగా చూడటం ఇదే మొదటిసారి. నేను సొంతమనిషిని కాబట్టి నేర్చుకోవడానికి ఇస్తున్నా."

రొట్టెల వ్యాను ఆయన నవ్వాడు. ఆయన ఏమీ అనుకుని నవ్వలేదు. మా ఆవిడ కూడా నవ్వు ఆపుకోవడానికి తల దించుకుంది. అది చూశాను.

నేను వెళ్ళి చేతులు కడుక్కున్నాను. సబ్బుతో, మోచేతులదాకా, గోళ్ళసందులు కూడా. ముప్ఫై ఏళ్ళలో పని మొదలెట్టే ముందు చేతులు కడుక్కోవడం అదే మొదలు. ఒళ్ళు మండిపోయింది. తుడుచుకుని వచ్చి బండిని చూడటం మొదలెట్టాను.

చెప్పుకోవాలి గనక చెబుతున్నాను, ఆ రోజు చూసినంత బాగా ఏ బండినీ చూడలేదు. ముందు బ్రేక్ ప్యాడ్లు అయిపోయాయి. బ్రేక్ ఆయిల్ నల్లబడింది. ఇంజన్ ఆయిల్ ఎప్పుడు మార్చారో దేవుడికే తెలియాలి. బెల్టు పగుళ్ళిచ్చింది. గేర్‌బాక్స్ ఆయిల్ జన్మకోసారి కూడా మార్చనక్కర్లేదని అమ్మినవాడు చెప్పాడట. ఎవరి జన్మకో చెప్పలేదు. ముందు చక్రాల దగ్గర కుదుపు ఆపే రబ్బరు బుష్‌లు వదులయ్యాయి. సీటు మోటారు మూలుగుతోంది. ఇవన్నీ ఏ మాత్రం తెలిసినవాడైనా పట్టుకుంటాడు.

ఇంజను వెనకవైపు, చూపు ఆననిచోట, కూలెంట్ పైపు ఒకటి ఉంది. ఇంజనును చల్లబరిచే నీళ్ళు అందులోంచే పోతాయి. దాని పైన ఎక్కడో సన్నగా ఆయిల్ కారుతోంది. ఆ ఆయిల్‌కి నాని నాని రబ్బరు ఉబ్బింది. పైకి తెలియదు. చెయ్యి దూర్చి బొటనవేలితో నొక్కాను. మిగలముగ్గిన అరటిపండులా లోపలికి పోయింది. మామూలు రోడ్డు మీద అది మహా అయితే నెల ఆగుతుంది. ఎండలో, ఎత్తు ఎక్కేటప్పుడు, ఎప్పుడైనా పగిలిపోవచ్చు. అది చిన్న సామాను. మొదటి వరసలో మొదటిది కావలసిన సామాను.

సబ్బుముక్క తీసుకున్నాను. మొదటి వరస రాశాను: ఇంజన్ ఆయిల్, ఫిల్టర్లు, బ్రేక్ ప్యాడ్లు, బ్రేక్ ఆయిల్, బెల్టు. రెండో వరస: గేర్‌బాక్స్ ఆయిల్, బుష్‌లు. మూడో వరస: సీటు మోటారు, తలుపు సర్దుబాటు, మసకబారిన హెడ్‌లైటు. అక్కడ చెయ్యి ఆగింది. కడిగిన నా చెయ్యి నాకే ఎవరిదోలా కనిపించింది. మూడో వరస చివర, అన్నింటికంటే అడుగున, 'వెనక కూలెంట్ పైపు' అని రాశాను.

రాయకపోతే అబద్ధమయ్యేది. రాశాను కాబట్టి నిజమే. కాస్త కింద రాశానంతే. ఇలా నన్ను నేను సమర్థించుకున్నాను. నాకు కావలసింది ఒకటే. ఆ షోకు నడిరోడ్డు మీద, సూటు వేసుకున్న అతిథి ముందు, బానెట్ లోంచి ఆవిర్లు వస్తుంటే ఫోను తీసి నా నంబరు నొక్కాలి. అప్పుడు నేను మెల్లగా వెళ్ళి, చేతులు కడుక్కుని, బండి ముట్టుకోవాలి. వాడి అన్నంలో మట్టి పడుతుందని తెలుసు. తెలిసే రాశాను.

వాడు ఫోటో తీసుకున్నాడు. మొదటి వరస మూడు రోజుల్లో నేనే చేసి ఇచ్చాను. ఏ తప్పూ పట్టలేనట్టు చేశాను. నెలాఖరుకి రెండో వరస చేద్దామని మా ఆవిడతో చెప్పించాను. సరేనన్నాడు. నెలాఖరు వచ్చింది, వాడు రాలేదు. కొత్త వీధిలో అద్దాల తలుపుల గ్యారేజీ ఒకటి వెలిసింది, అక్కడ పనివాళ్ళు తెల్ల చేతితొడుగులు వేసుకుంటారు. షోకు కారు అక్కడ చూశానని రొట్టెల వ్యాను ఆయన చెప్పాడు.

"సీటు మోటారు చేయించుకుంటూ ఉంటాడు," అన్నాను. ఆ అద్దాల కొట్లో సీటు మోటారుకీ తలుపుకీ వాడి రెండో విడత కాస్తా హరించుకుపోతుంది, అడుగున ఉన్న పైపుదాకా రాదు. లెక్క నాకు తెలిసిందే. ఇక ఏం జరిగినా ఆ అద్దాల కొట్టువాళ్ళ నెత్తిన పడుతుంది. ఆ పూట హాయిగా పనిచేసుకున్నాను, ఎవరినీ తిట్టలేదు కూడా. ఒంట్లో బాగాలేదా అని మా ఆవిడ అడిగింది.

శనివారం సాయంత్రం బల్ల సర్దుతూ ఆవిడే అంది, "రేపు నేను షెడ్డుకి రాను. కొండ మీద మా పెద్దమ్మ కూతురు కొత్తిల్లు కట్టుకుంది కదా, చూసొస్తాను. తమ్ముడు తీసుకెళ్తానన్నాడు."

నా చేతిలో రెంచీ ఉంది. దాన్ని అనవసరంగా ఇంకోసారి తుడిచాను.

"బస్సులో వెళ్ళు."

"ఇంటిముందుకి కారొస్తుంటే బస్సెందుకండీ? వాడు కొని రెండు నెలలైంది. నేను ఒక్కసారి కూడా ఎక్కలేదు."

"ఎండలు మండిపోతున్నాయి."

"అందులో ఏసీ ఉంది."

"ఏసీ వెయ్యొద్దను. ఎత్తు ఎక్కేటప్పుడు ఏసీ వేస్తే ఇంజను మీద బరువు పడుతుంది."

ఆవిడ నావైపు వింతగా చూసింది. "వాళ్ళ కారులో వాళ్ళు ఏసీ వేసుకున్నా మీకు మంటేనా?"

అప్పుడు చెప్పొచ్చు. ఒక్క ముక్క చాలు. ఆ పైపు బాగాలేదు, మార్చేదాకా ఎక్కొద్దు. అది చెబితే మరి మూడో వరసలో ఎందుకు రాశారని అడుగుతుంది. నోటిదాకా వచ్చిన మాటను మింగేసి, ఇంకో మాట అన్నాను.

"స్టీరింగు వెనక టెంపరేచర్ ముల్లు ఉంటుంది. అది సగం దాటితే వెంటనే ఆపమను. నువ్వు కూడా చూస్తుండు."

"అబ్బో, నేను ముల్లు చూస్తూ కూర్చోవాలా, కొండలు చూడాలా?" అని నవ్వింది.

ఆదివారం పొద్దున వాడు వచ్చి హారన్ కొట్టాడు. ఆవిడ కొత్త చీర కట్టుకుని వెనక సీట్లో మహారాణిలా కూర్చుంది. నేను గుమ్మంలో నిలబడ్డాను. వాడు నన్ను చూడనట్టు అద్దం సర్దుకున్నాడు. ఇప్పటికైనా అడ్డం వెళ్ళు అని లోపల ఒకటే గోల. వాడి ముందు, వాడి బండికి అడ్డంపడి, నేను చేసింది నేనే చెప్పుకోవడం నావల్ల కాలేదు. కారు సందు చివర మలుపు తిరిగింది.

ఆ రోజు షెడ్డు తీశాను గానీ ఒక్క నట్టు కూడా విప్పలేదు. ఫోను బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాను. ఇప్పుడు కొండ మొదట్లో ఉంటారు. ఇప్పుడు పెద్ద మలుపు దగ్గర. రబ్బరు పగిలితే నీళ్ళన్నీ ఒక్కసారిగా పోతాయి. ముల్లు పైకి లేస్తుంది. వాడు చూస్తాడా? ఆవిర్లు చూసి కంగారులో ఆ మలుపులో బండి ఆపేస్తే, వెనకనుంచి వచ్చే లారీ మాటేమిటి? ముప్ఫై ఏళ్ళుగా రోడ్డు మీద ఆగిపోయిన బండ్లను లాక్కొచ్చినవాణ్ణి, అలాంటివి ఎన్ని చూశానో. పదిసార్లు ఫోను తీశాను, పదిసార్లూ పెట్టేశాను. నా మీద నాకు అసహ్యం వేసింది. దానితోపాటు, సిగ్గులేకుండా, వాడి మీద కోపం కూడా పెరిగింది.

పొద్దు వాలుతుండగా కారు వచ్చి షెడ్డు ముందు ఆగింది. ఆవిడ దిగింది. చీర నలగలేదు. "ఎంత సుఖంగా ఉందండీ! కునుకు కూడా పట్టేసింది," అంటూ వచ్చింది. బల్ల పట్టుకుని నిలబడ్డాను.

షోకు వెనక డిక్కీ తెరిచి ఏదో తీసుకొచ్చాడు. దాన్ని నా పనిబల్ల మీద పడేశాడు. ఆ పైపు. ఉబ్బిన చోట పొడుగ్గా చీరుకుపోయి ఉంది.

"పదిహేను రోజులుగా ఇది డిక్కీలో పెట్టుకుని తిరుగుతున్నా. మీ ఇద్దరి ముందూ పడేద్దామనుకున్నా, ఇవాళ్టికి ఇటు రావడం కుదిరింది అక్కా," అన్నాడు. "విప్పుతుంటేనే వాళ్ళ చేతుల్లో చిరిగిపోయింది. ఇది పెట్టుకుని ఇన్నాళ్ళు ఎలా తిరిగావయ్యా అని అడిగారు నన్ను."

"ఎలా మార్పించావు?" అన్నాను. మామూలుగానైతే వాణ్ణి నేరుగా అడగను. నోరు జారింది.

వాడు ఆవిడకే జవాబిచ్చాడు. "ఆయన ముందు రాసిందాంట్లో ఆయన లాభం ఉంటుంది, చివర రాసిందాంట్లో మన లాభం ఉంటుంది. అందుకని అద్దాల కొట్టుకెళ్ళి ఫోటో చూపించి, మూడో వరస కిందినుంచి పైకి చెయ్యమన్నా. పైపుతో మొదలెట్టారు. సీటు మోటారు దగ్గరికొచ్చేసరికి చేతిలో ఉన్నది అయిపోయింది."

అంటే వాడికి నా మీద ఉన్న అపనమ్మకమే వాణ్ణి కాపాడింది. నన్ను నమ్మి ఉంటే ఈపాటికి మునిగిపోయేవాడు. తలకాయ ఉన్నవాడెవడూ చెయ్యని పని చేసి, వాడు సరైన పని చేశాడు.

"ఇది మొదటి వరసలో ఉండాల్సిందని వాళ్ళన్నారు అక్కా. పసిపిల్లాడికైనా తెలుస్తుందిట. మరి మీ ఆయన మూడో వరస అడుగున రాశారు. గుడ్డితనమో, కుళ్ళో నువ్వే తేల్చు."

మా ఆవిడ ముఖం ఎర్రబడింది. "నోరు మూసుకోరా. మా ఆయన అద్దం మీద అబద్ధం రాస్తారా? యాభై ఎనిమిదేళ్ళొచ్చాయి. కళ్ళజోడు మార్చుకోండి అని ఏడాదిగా మొత్తుకుంటున్నా, వింటేనా? చీకట్లో ఎక్కడో ఉన్న పైపు, సరిగ్గా కనపడి ఉండదు. మనిషన్నాక పొరపాటు పడడా?"

"సరే, పొరపాటే అనుకుందాం," అన్నాడు షోకు. వాడి గొంతులో జాలి. "వయసు మీద పడుతోంది. ఇకమీదట పెద్ద బండ్లు ముట్టుకోవద్దని చెప్పు. స్కూటర్లవీ చూసుకోమను. వాటికి అంత కళ్ళక్కర్లేదు."

నాకు తలుపు తెరిచిపెట్టారు. అవును, కనపడలేదు అని ఒక్క మాట అంటే అయిపోయేది. రేపు కొత్త కళ్ళజోడు కొనుక్కుంటే ఎల్లుండికి అందరూ మర్చిపోయేవారు. ఆవిడ నావైపు చూస్తూ, ఆ మాట అనమన్నట్టు తల కూడా ఊపింది.

"చూశాను," అన్నాను.

"ఏం చూశారు?"

"ఆ పైపు. ఆ రోజే చూశాను. వేలు పెట్టి నొక్కి చూశాను. నా కళ్ళకేం రోగం? ఆ చేతితొడుగుల వెధవలు విప్పాక కనుక్కున్నారు. నేను విప్పకుండానే చెప్పాను, నెల కూడా ఆగదని."

"ఎవరికి చెప్పారు?" అంది మా ఆవిడ.

ఎవరికీ చెప్పలేదు. ఆవిడ బల్ల మీది పైపును చూసింది, నన్ను చూసింది. ఒక్కొక్కటే కలుపుకుంటున్నట్టు తెలుస్తోంది.

"ఏసీ వెయ్యొద్దన్నారు," అంది. "ముల్లు చూస్తుండమన్నారు."

"నీకేమీ కాకూడదనే కదా చెప్పాను!" అన్నాను. నోట్లోంచి వచ్చాక గానీ అది ఎంత నీచమైన మాటో నాకు తెలియలేదు.

షోకు ఇరవై ఆరేళ్ళుగా ఇలాంటి రోజు కోసం చూస్తున్నాడు. వాడు నవ్వుతాడని, వీధంతా వినబడేలా అరుస్తాడని చూశాను. అదైతే తట్టుకునేవాణ్ణి, నాలుగు తిట్లు నేనూ తిట్టేవాణ్ణి. వాడు నవ్వలేదు. నావైపు తిరిగి, నాతోనే అన్నాడు.

"నేనంటే పడదు, సరే. వెనక సీట్లో అక్క ఉంది బావా."

వెళ్ళి కారులో కూర్చున్నాడు. స్టార్ట్ చెయ్యలేదు, అక్క కోసం ఆగాడు. ఆవిడ కదల్లేదు. తన బల్ల దగ్గరికి వెళ్ళి కుర్చీలో కూర్చుంది, ఎప్పుడూ కూర్చున్నట్టే. అక్కణ్ణుంచే అడిగింది.

"ఇంకెన్ని బండ్లకి ఇలా రాశారు?"

"ఒక్కదానికీ లేదు. ఒట్టు. ఈ ఒక్కదానికే." అది నిజం. ముప్ఫై ఏళ్ళలో అదొక్కటే.

"నమ్మమంటారా?"

కోపంతో అనలేదు. దెప్పడానికీ అనలేదు. బండి తెచ్చుకున్నవాళ్ళు అడిగినట్టు, తెలుసుకోవాలనే అడిగింది. జవాబు కోసం నా ముఖంలోకి చూస్తూ కూర్చుంది. ఆవిడకు చూపించడానికి నా దగ్గర నా మాట తప్ప ఇంకేమీ లేదు.